పిల్లల తల మీద ఒట్టు వద్దు: తాగుడు మానాలనుకునే నాన్న ఎక్కడ మొదలుపెట్టాలి

మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి నాలుగుసార్లు ఒట్టేశాను. మొదటిసారి దానికి ఐదేళ్లు. నాలుగోసారికి ఎనిమిదో క్లాసుకు వచ్చింది. ఆ నాలుగోసారి నేను చెయ్యి ఎత్తగానే తల పక్కకు తిప్పుకుంది. "వద్దు నాన్నా, నాకు భయం" అంది. నేను ఒట్టు తప్పితే తనకేదో అవుతుందని ఆ పిల్ల ఏళ్ల తరబడి లోపల్లోపల భయపడిందని అప్పుడు తెలిసింది. జ్వరం వచ్చినప్పుడల్లా నాన్న తాగినందుకే వచ్చిందనుకునేదట.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఎలక్ట్రీషియన్ పని. తాగకుండా తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఈ తొమ్మిదేళ్లలో చాలామంది నాన్నల్ని వెంటబెట్టుకుని ఓపీ లైన్లో నిలబడ్డాను. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మీరే ఆ నాన్న అయితే ఇది నేరుగా మీకే. మీ ఆయన గురించో, మీ నాన్న గురించో వెతుకుతూ ఇక్కడికి వచ్చారా, మీరూ చదవండి. మీకు చెప్పాల్సింది కూడా ఉంది.

1. ఎంత తాగుతున్నారో కాగితం మీద పెట్టండి

నిన్న ఎంత, మొన్న ఎంత, పోయిన ఆదివారం ఎంత. పెగ్గుల్లెక్క వద్దు, పెగ్గు పోసేవాడి చేతిని బట్టి ఉంటుంది. క్వార్టర్ల లెక్కన రాయండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. కల్లు అయితే సీసాలు. గంజాయి, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఏవైనా ఉంటే అవీ రాయండి. రేపు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది అక్కడ సగమే చెప్తారు. మీరు సగం చెప్తే మందు కూడా దానికి తగ్గట్టే ఇస్తారు, ఆ రాత్రి నరకం చూసేది మీరే.

తర్వాత నాలుగు ప్రశ్నలు. ఎన్నో దేశాల్లో డాక్టర్లు వాడే ప్రశ్నలివి. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నారా? దాని గురించి ఎవరైనా ఒక మాటంటే ఒళ్లు మండుతుందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున లేవగానే చేతులు కుదురుకోవడానికో, తల దిమ్ము పోవడానికో ఒక గుక్క వేశారా? రెండింటికి అవునని వస్తే డాక్టర్ని కలవాలి. నాలుగోదానికి అవునంటే ఇక వారం పది రోజులని వాయిదా వేయకండి.

నాకు నాలుగూ అవునే. ఒకరోజు పొద్దున ఏడున్నరకు మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. బయట స్కూల్ ఆటో హారన్ కొడుతోంది. పెన్ను పెట్టగానే మొదటి అక్షరం గడి దాటి బయటికి పోయింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని మిగతాది గీశాను. పైన అంతకుముందు నేను పెట్టిన సంతకాలు రెండున్నాయి. మూడూ ముగ్గురు మనుషులు పెట్టినట్టున్నాయి. అది కార్డు చూసుకుని, ఏమీ అనకుండా, వంటింట్లోకి వెళ్లి "అమ్మా, నువ్వు కూడా ఒకటి పెట్టవా" అంది. అదే చేత్తో ఆ రోజు మూడో అంతస్తులో మెయిన్ బోర్డు విప్పాను నేను.

మీ ఒక్కరికే ఇలా అయిందని సిగ్గుపడకండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌ డాక్టర్లతో చేయించి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం మద్యం వల్ల ఇబ్బందుల్లో పడి సాయం కావాల్సినవాళ్లు దేశంలో సుమారు 5.7 కోట్లు. మద్యం మీద పూర్తిగా ఆధారపడ్డ ప్రతి 38 మందిలో చికిత్స ఏదో ఒకటి అందిందని చెప్పింది ఒక్కరు. మిగతా 37 మంది ఇళ్లల్లో ఒట్లు వేస్తూ ఉన్నారని నా అనుమానం.

2. టక్కున ఆపేయకండి

ఈ ముక్క ఒక్కటైనా గుర్తుపెట్టుకోండి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు పౌరుషానికి పోయి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మెదడు మందుకు అలవాటు పడి ఉంటుంది. అది ఉన్నట్టుండి అందకపోతే అదుపు తప్పుతుంది.

ఆపిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారని లేచి పరుగెత్తుతారు, ఇంట్లో మనుషుల్నే గుర్తుపట్టరు. ఊళ్లో దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడం నా కళ్లతో చూశాను. అది గాలి కాదు, డాక్టర్లు డెలీరియం అంటారు. ఆస్పత్రిలో అయితే మందులతో దింపుతారు, ఇంట్లో అయితే చనిపోయేవాళ్లున్నారు. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. ఒళ్లు వణుకుతుంటే ఇంట్లోవాళ్లు ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజ్ సీసా ఎక్కిస్తారు. ఏళ్లుగా తాగేవాడి ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ముందు బీ1 ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఆస్పత్రిలో మొదట ఆ బీ1 సూదే వేస్తారు. బాగా మంటగా ఉంటుంది, ఓర్చుకోండి.

తెలంగాణలో కల్లు కాంపౌండ్లలో తాగేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. చెట్టు కల్లు వేరు, సీసా కల్లు వేరు. కాంపౌండ్ కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతూ దొరికిపోయిన కేసులు ఎన్నో. అంటే మీకు తెలియకుండానే రోజూ నిద్రమాత్రలు మింగుతున్నట్టు. ఓ రోజు కల్లు దొరక్కపోతే మెడలు వంకర్లు పోవడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ రావడం అందుకే. డాక్టరుకు "మద్యం" అని ఊరుకోకుండా "కాంపౌండ్ కల్లు" అని విడమరిచి చెప్పండి. చికిత్స దాన్ని బట్టి మారుతుంది.

మరి మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు చుక్క ముట్టరు కదా అంటారు. నేనూ రెండేళ్లు అయ్యప్ప మాల వేశాను. స్వామి మీద నమ్మకం నాకు ఇప్పటికీ ఉంది. కానీ రోజూ తాగేవాళ్లు మాలకు ముందే డాక్టర్ని కలిసి, మందులతో ఆపి, ఆ తర్వాత దీక్ష తీసుకోండి. ఇక ఆ 41 రోజులు నన్ను ఆపింది ఏమిటని తర్వాత చాలా ఆలోచించాను. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ల స్నానం, సాయంత్రం తాగే వేళకు సరిగ్గా భజన, పక్కన నాలాంటి పదిమంది స్వాములు, వీధిలో ఎవరూ "రా బే, ఒక్క పెగ్గు" అనకపోవడం, ఇంట్లో భార్యాపిల్లలు కూడా "స్వామీ" అని పిలవడం. మాల తీశాక ఇవన్నీ ఒక్క పూటలో పోయాయి. తీసిన రోజు సాయంత్రమే బార్లో ఉన్నాను. 42వ రోజు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో నాకెవరూ చెప్పలేదు. ఈ వ్యాసంలో తర్వాతి భాగమంతా ఆ 42వ రోజు గురించే అనుకోండి.

3. ఒక ఫోన్ చేయండి

వ్యసనాల చికిత్సకు కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి టెలి మానస్, 14416. ఇది 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండింటికి నిద్రపట్టక చచ్చిపోవాలనిపించినా ఈ నంబరుకే చేయండి.

ఏం మాట్లాడాలో తెలియక చాలామంది రింగ్ అవగానే పెట్టేస్తారు. ఇది చూసి చదవండి చాలు: "నేను రోజూ రెండు క్వార్టర్లు తాగుతాను. ఆరేళ్లయింది. పొద్దున చేతులు వణుకుతాయి. మాది ఫలానా ఊరు. దగ్గర్లో ఉచితంగా చికిత్స ఎక్కడ ఉంది?" అంకెలు మీవి పెట్టుకోండి.

4. ఏ ఆస్పత్రి, ఎలా వెళ్లాలి

పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడికే వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి పెద్దవి. ఇవి కాక కేంద్రం డబ్బుతో కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో నడిచే ఏటీఎఫ్‌లు అనే వ్యసన చికిత్స విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే ఐఆర్‌సీఏ అనే పునరావాస కేంద్రాలు ఉన్నాయి. ఐఆర్‌సీఏల్లో ఉండి చికిత్స తీసుకోవచ్చు. మీ జిల్లాలో ఏది ఉందో 14446 వాళ్లు చెప్తారు.

ఎర్రగడ్డ పేరెత్తగానే మొహం మాడ్చుకుంటారు. "నేనేమన్నా పిచ్చోణ్ణా" అని నేనూ అన్నాను, రెండేళ్లు పోగొట్టుకున్నాను. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. గంజాయి తాగేవాళ్లకు పోలీసు భయం ఉంటుంది. వాడకం వరకే ఉండి, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు వచ్చి పూర్తి చేసినవాళ్లకు ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్)లోనే ఉంది, 64ఏ సెక్షన్. అమ్మినవాళ్లకు ఇది వర్తించదు.

వెళ్లే రోజు పొద్దున్నే బయల్దేరండి, ఓపీ చీటీల లైను పెద్దగా ఉంటుంది. ఆధార్ కార్డు, పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, ముందు రాసిన కాగితం జేబులో పెట్టుకోండి. తోడు ఒకరు ఉండాలి. భార్యో, అన్నో, బావమరిదో ఎవరైనా ఫర్వాలేదు, మందు పార్టీ స్నేహితుడు మాత్రం వద్దు. పిల్లల్ని ఆ రోజు తీసుకురాకండి. నాన్నను కాపలా కాసే పని వాళ్లది కాదు.

డాక్టరు లివర్ పరీక్షలు, షుగరు, బీపీ చూస్తారు, అవసరమైతే పొట్ట స్కానింగ్ రాస్తారు. ఫిట్స్ చరిత్ర లేకుండా, ఇంట్లో చూసుకునే మనిషి ఉండి, తాగుడు మరీ ఎక్కువ కాకపోతే మాత్రలిచ్చి ఇంటికే పంపి, మధ్యలో రమ్మంటారు. లేదంటే చేర్చుకుంటారు. వణుకు, టెన్షన్ దిగడానికి ఇచ్చే మాత్రలు కొద్దిరోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ మాత్రలు బాగున్నాయని సొంతంగా మెడికల్ షాపులో కొని కొనసాగించకండి, ఒక వ్యసనం పోయి ఇంకోటి తగులుకుంటుంది.

నేను తొమ్మిది రోజులు ఉన్నాను. మూడో రాత్రి అస్సలు నిద్రపట్టలేదు. పక్క మంచం మీద ఓ పెద్దాయన, ఆటో నడిపేవాడు, పొద్దుటి దాకా నాతో తన మనవరాలి గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. ఆరో రోజు ఉప్మా పెట్టారు. వేడివేడిగా ఉంది, రుచి తెలిసింది. అంతకుముందు తిండి రుచి ఎప్పుడు తెలిసిందో గుర్తు రాలేదు.

మందు మీదికి మనసు పోకుండా తర్వాత నెలల తరబడి వాడే మాత్రలు వేరే ఉన్నాయి: నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, బాక్లోఫెన్ వంటివి. మీ లివర్ స్థితిని బట్టి ఏది పడుతుందో డాక్టరే తేల్చాలి. డైసల్ఫిరామ్ అని ఇంకోటి ఉంది. అది వేసుకుని మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మాత్ర మానేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. తనకు తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికి అది మంచి కాపలా.

కూరలో కలిపే పొడి గురించి

అక్కలూ, చెల్లెళ్లూ, ఇది మీకు. "ఆయనకు తెలియకుండా కూరలో కలపండి, వారంలో మానేస్తాడు" అనే పొడులు, చుక్కలు గోడల మీదా ఫోన్లలోనూ కనిపిస్తాయి. కొన్నిట్లో ఏముందో ఎవరికీ తెలియదు. కొందరు డైసల్ఫిరామ్‌నే పొడి చేసి కలుపుతారు. తెలియక అతను తాగాడంటే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. బతికి బయటపడ్డా, విషయం తెలిశాక మీ చేతి అన్నం నమ్మడు. మీ బాధ నాకు తెలియదని కాదు. మా ఇంట్లోనూ ఆ పొట్లం తెచ్చారు. మా అత్తమ్మ ఏడుస్తూ డ్రైనేజీలో పారబోసింది.

5. ప్రైవేటు సెంటరు అయితే ముందు ఇవి అడగండి

ఆస్పత్రికి వెళ్లడానికి రెండేళ్ల ముందు మావాళ్లు నన్ను ఊరి చివర ఒక సెంటర్లో వేశారు. పేరు రాయను. పొద్దున నలుగురు మనుషులు వ్యాన్లో వచ్చారు, బనియన్ మీదే తీసుకెళ్లారు. నేను ఎదురు తిరిగితే మా అబ్బాయి తలుపు వెనక నుంచి చూస్తున్నాడు. వాడికి అప్పుడు నాలుగేళ్లు. ఆ సెంటర్లో డాక్టరు లేడు. సూదులు వేసేవాడు ఎవరో కూడా తెలియదు. మూడో రాత్రి ఒకతనికి ఫిట్స్ వస్తే మంచానికి కట్టేశారు. ఇంటికి ఫోన్ చేయనివ్వలేదు. 45 రోజుల తర్వాత బయటికొచ్చి బస్టాపు పక్క వైన్ షాపుకు నడిచి వెళ్లాను, ఇంటికంటే ముందు.

అన్ని సెంటర్లూ ఇలాంటివి కావు. నిజంగా ప్రాణం పెట్టి పనిచేసేవాళ్లున్నారు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, ఆ దుఃఖంలోంచే 1980లో టీటీ రంగనాథన్ ఫౌండేషన్ స్థాపించారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి ఏరుకోవాలి.

డబ్బు కట్టేముందు స్వయంగా వెళ్లి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, కాగితం చూపిస్తారా? సైకియాట్రిస్టు ఎవరు, ఏయే రోజుల్లో వస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? ఇంట్లోవాళ్లు ఫోన్లో మాట్లాడొచ్చా, వచ్చి చూడొచ్చా? మొత్తం ఖర్చు ఎంత, మధ్యలో వెళ్లిపోతే తిరిగి ఎంత ఇస్తారు? లోపలి గదులు చూపించడానికి నసిగినా, "మేమే వచ్చి ఎత్తుకెళ్తాం" అన్నా, "నూటికి నూరు గ్యారంటీ" అన్నా వెనక్కి తిరిగి వచ్చేయండి.

చట్టం ప్రకారం తనంతట తాను చేరిన మనిషి డిశ్చార్జి అడగొచ్చు. పరిస్థితి ప్రమాదకరంగా ఉందనిపిస్తే అంచనా వేయడానికి డాక్టరు 24 గంటల దాకా ఆపగలరు. ఆలోచించే స్థితిలో లేని మనిషిని ఇంటివాళ్లు కోరితే చేర్చుకోవడానికి వేరే పద్ధతి ఉంది. దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, గడువు 30 రోజులు. గొలుసులతో కట్టడం ఎక్కడైనా, ఎవరికైనా నేరమే.

6. ఇల్లు గడవడం

నాన్నలు చికిత్స వాయిదా వేయడానికి చెప్పే మొదటి కారణం ఇదే. "నేను పది రోజులు పడుకుంటే ఇల్లెలా గడుస్తుంది?" నిజమైన ప్రశ్నే. ఉద్యోగం అయితే డాక్టరు సర్టిఫికెట్‌తో సిక్ లీవు పెట్టండి, ఆఫీసులో అందరికీ జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. రోజుకూలి అయితే చేరకుండా ఓపీ మందులతో కుదురుతుందేమో డాక్టర్నే అడగండి. ఆ తర్వాత మీ తాగుడు ఖర్చు ఒక నెలది కూడి చూడండి. నాది కూడితే మా ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు కంటే ఎక్కువ వచ్చింది.

వెళ్లేముందు ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఇంట్లోవాళ్లకు అప్పగించండి. వచ్చాక కూడా ఆరు నెలలు అలాగే ఉంచండి. నేను రోజుకు వంద రూపాయలు జేబులో పెట్టుకుని పనికి వెళ్లేవాణ్ణి. చిన్నతనంగా ఉండేది, నిజమే. ఆ వందే నన్ను కాపాడింది.

7. పిల్లలకు ఏం చెప్పాలి

"నాన్న ఊరెళ్లాడు" అని చెప్పకండి. వాళ్లకు తెలుసు. గ్లాసు చప్పుడు, గేటు తీసే తీరు, చెప్పులు విప్పే శబ్దం విని ఈ రోజు ఏ నాన్న వచ్చాడో పిల్లలు పసిగట్టేస్తారు. మా అమ్మాయి తలుపు దగ్గరే "ఊదు నాన్నా" అనేది, ఆటలాగా. అది ఆట కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

చిన్న మాటల్లో నిజం చెప్పండి. "నాన్నకు తాగుడు జబ్బు ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఇది నీ వల్ల వచ్చింది కాదు, నువ్వు తగ్గించేదీ కాదు. తగ్గించడానికి పెద్దవాళ్లున్నారు." ఇంతే. ఇక తాగనని మాటివ్వకండి. ఈ ఆదివారం పార్కుకు తీసుకెళ్తానని చెప్పండి, తీసుకెళ్లండి. పెద్ద మాటలు పోగొట్టిన నమ్మకం చిన్న పనులతోనే తిరిగొస్తుంది, అదీ నెమ్మదిగా.

మానేశాక పిల్లలు వెంటనే మెడ చుట్టుకుంటారని ఆశపడకండి. నేను ఇంటికొచ్చిన ఎనిమిది నెలల దాకా మా అమ్మాయి నాతో అవసరానికే మాట్లాడింది. కోపం వచ్చింది నాకు. ఇంత కష్టపడి మానేశాను కదా అని. తాగుడు మానేసినవాళ్ల మా గ్రూపులో ఓ పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "నువ్వు ఎన్నేళ్లు తాగావు?" పదకొండేళ్లు. "మరి ఆ పిల్లకు ఎనిమిది నెలలేనా గడువు?"

స్కూల్లో నమ్మకమైన టీచరు ఒక్కరికి చెప్పి ఉంచడం మంచిది. పిల్ల చదువు తగ్గినా, మూగగా కూర్చున్నా ఆమె గమనిస్తుంది. మా పిల్లకు ఆ టీచరే పెద్ద దిక్కయింది.

8. ఇంట్లో ఆడవాళ్లకు

మీరు కొట్లాడితే మానడు, బతిమాలితే మానడు, సీసా పారబోస్తే ఇంకోటి తెచ్చుకుంటాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ తల్లులకు దండం పెడతాను. కానీ దుకాణం మూసినంత మాత్రాన ఒంట్లో జబ్బు పోదు. పక్క ఊరికైనా నడిచిపోయే జబ్బు అది.

అతను తాగి ఉన్నప్పుడు వాదించకండి. మర్నాడు ఉదయం, చేతులు వణుకుతున్నప్పుడు, టీ ఇచ్చి, "ఇవాళ ఓపీకి పోదాం పదండి" అనండి. ఆ పూట మెత్తగా ఉంటాడు. అతను రాకపోయినా మీరు ఒక్కరే వెళ్లి డాక్టర్నో కౌన్సెలర్నో కలవచ్చు, 14416కి మీరే ఫోన్ చేయొచ్చు. తాగేవాళ్ల ఇళ్లవాళ్ల కోసం అల్-అనాన్ అని గ్రూపులున్నాయి. టీనేజీ పిల్లలకు అందులోనే అలటీన్ ఉంది.

చెయ్యి చేసుకుంటుంటే మాత్రం జబ్బు అని సరిపెట్టుకోకండి. పిల్లల్ని తీసుకుని ముందు బయటపడండి. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 పోలీసు, పిల్లల కోసం 1098. చికిత్స సంగతి తర్వాత.

9. సాయంత్రం ఆరు గంటలకు

ఆస్పత్రి నుంచి వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఒంట్లో విషం దిగడానికి వారం పది రోజులు చాలు, సాయంత్రాలు మారడానికి ఏళ్లు పడుతుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్, మేం ఏఏ అంటాం. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో తాగుడు మానలేక నలిగిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, కలిసి మాట్లాడుకోవడంతో పుట్టింది. ఫీజు లేదు. పేరు మొదటి ముక్క చెప్తే చాలు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. మన దగ్గర తెలుగులోనూ మీటింగులు జరుగుతాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరి వారీగా వివరాలుంటాయి, ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. గల్ఫ్‌లో ఒంటరి గదుల్లో ఉండే మనవాళ్లకు ఆ ఆన్‌లైన్ మీటింగు చాలా అక్కరకొస్తుంది.

మొదటి రోజు వెనక కుర్చీలో కూర్చుని వినండి, మాట్లాడనక్కర్లేదు. మొదటి 90 రోజులు కుదిరితే రోజూ వెళ్లండి. అక్కడ మీకంటే ముందు మానేసిన ఒకరి ఫోన్ నంబరు తీసుకోండి. నాకు భజన బృందం మళ్లీ దొరికినట్టయింది.

జీతం రోజు, దావత్, దసరా, పెళ్లి, బంధువుల ఇంట్లో దినం, ఎలక్షన్లప్పుడు ఊరికే వచ్చే సీసాలు: ఇవి ముందే తెలిసిన రోజులు. క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. వెళ్లక తప్పకపోతే భోజనం చేసి వెళ్లండి, పిల్లల మీద నెపం పెట్టి తప్పించుకోకుండా "లివర్ బాలేదు, డాక్టరు వద్దన్నాడు" అని మీ నోటితోనే చెప్పండి, తిరుగు బస్సు టైము చూసుకుని లేచి వచ్చేయండి. తాగాలనిపించే ఆ ఊపు చాలాసార్లు అరగంటలో దిగిపోతుంది. ఆ అరగంట ఆకలితో, ఒంటరిగా ఉండకండి.

10. జారితే

చాలామంది జారతారు. నేను ఏడో నెలలో జారాను, మా పెదనాన్న దినం రోజు. అప్పుడు ఇంట్లో దాచకండి, "ఎలాగూ పోయింది కదా" అని రెండో రోజు కొనసాగించకండి, మళ్లీ ఒట్టు వేయకండి. డైసల్ఫిరామ్ వాడుతూ తాగి ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. లేదంటే గ్రూపులో నంబరు ఇచ్చిన మనిషికి ఆ రాత్రే ఫోన్ చేయండి. పిల్లలు అడిగితే "అవును, తాగాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అనండి.

పొద్దున పాత ఓపీ చీటీ బీరువాలోంచి తీసి, ఎనిమిదింటికల్లా లైన్లో నిలబడండి.